అశ్వహృదయవేది ఫెదెరికో తెసియో

రజతోత్సవ సంచికకు ప్రసిద్ధుడైన యొక పురుషుని జీవితమును వ్రాసి యిమ్మని గ్రంథాలయ కార్యవర్గమువారు నన్ను కోరిరి. కవులను గూర్చియు దేశభక్తులను గూర్చియు వ్రాయగలవారు మన యూర నాకంటె సమర్థులు పలువురు కలరు. కావున నేను మఱియొక త్రోవ పట్టితిని. నేను వ్రాయబోవునది పందెపు గుఱ్ఱములను పెంచిన యొక ఇటలీ దేశస్థుని కథ. ఇట్టి కథకు సరస్వతీ మందిరమున చోటేల యని కొందఱు పెద్దలు నొసలు ముడువవచ్చును. పందెము కాయుట మంచి పనియని నేను చెప్పుట లేదు. దానివలన చితికిపోయిన సంసారములను నేను లెక్కల పుస్తకములలో చూచినవాడను. నేను చెప్పదలచినది వేఱు. ఇంకను పరుగెత్తని గుఱ్ఱపుపిల్లను చూచి, ఇది రేపు పరుగెత్తునా లేదా యని నిర్ణయించుట యెట్లు? ఆ విద్యయందు ఇరువదవ శతాబ్దమున ఈతనిని మించినవాడు లేడని ఆ విద్య తెలిసినవారు ఒప్పుకొనిరి. అట్టివాడును తన యవసానదశలో ఒక పిల్ల విషయమున పొరబడెను. ఆ పొరపాటు కొఱకే నేనీ కథను ఎన్నుకొంటిని.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రము సంస్కృతమున కలదు. పాండవులలో నకులునకు ఈ విద్య యబ్బినదని భారతము చెప్పును. తెనుగున మనుమంచిభట్టు అశ్వలక్షణములను గూర్చి గ్రంథము వ్రాసెను. ఇక అరణ్యపర్వములోని నలోపాఖ్యానము చదివినవారికి, పురాణకాలక్షేపమున విన్నవారికి బాహుకుని కథ జ్ఞప్తియందుండక మానదు. దమయంతికి రెండవ స్వయంవరమను వార్త విని ఋతుపర్ణ మహారాజు ఒక్క దినములో విదర్భకు చేరవలెనని తొందరపడెను. అపుడు బాహుకుడను పేర సారథియైయున్న నలుడు శాలలోనికి పోయి బక్కచిక్కిన గుఱ్ఱములను ఏఱి తెచ్చెను. ఇవి నడిదారిలో కూలునని రాజు భయపడెను. నలుడు వాని ముక్కుపుటముల వెడల్పును, దౌడల పరిమాణమును, మేని సుడులను చూచి లోని సత్తువను గ్రహించినవాడు. ఆ బక్క గుఱ్ఱములే గాలివలె పోయినవి. ఆ ప్రయాణముననే ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను కాయలను చూపుమాత్రమున లెక్కించి చెప్పుటయు, నలుడు చెట్టు పడగొట్టి సరిచూచుకొనుటయు, తుదకు ఒకరి విద్య నొకరు ఇచ్చి పుచ్చుకొనుటయు జరిగెను. సహకార సంఘపు లెక్కలు వ్రాసి బ్రదుకు నాకు ఆ ఘట్టము ఎన్నిమాఱులు చదివినను తనివి తీరదు. గుఱ్ఱపు విద్యయు లెక్కల విద్యయు ఒక్క మనుష్యునియందే చేరినచో నెట్లుండునో తెసియో జీవితమున చూడవచ్చును.

ఫెదెరికో తెసియో 1869 జనవరి 17న ఉత్తర ఇటలీలోని ట్యూరిను నగరమున జన్మించెను. పసితనముననే తల్లిదండ్రులను కోల్పోయెను. ట్యూరినునకు చేరువనున్న మొంకాలియేరి యను నూర క్రైస్తవ సన్న్యాసుల విద్యాలయమున పెరిగెను. పిమ్మట ఆశ్వికదళమున అధికారి యయ్యెను. పెద్దల ఆస్తి చేతికి వచ్చిన పిదప దేశములు చూడ బయలుదేరి, దక్షిణ అమెరికా కొననున్న పటగోనియా బీళ్ళలో గుఱ్ఱములపై బహుదూరము ప్రయాణము చేసెను. స్వదేశమున తానే రౌతై పందెములలో స్వారి చేసెను. బొమ్మలు గీయుట, కొయ్యసామాను చేయుట అతనికి వేడుకలు. ఈ మాటలన్నియు త్వరగా చెప్పి దాటుచున్నాను. ఏలయన ముప్పదవ యేడు సమీపించువఱకు అతడు కలిగిన యింట పుట్టి లోకము చుట్టివచ్చిన పలువురు యువకులలో ఒకడు మాత్రమే.

1898లో అతడు లిదియా యను నామెను వివాహమాడి, ఆ యేడే ఆల్ప్సు పర్వతముల దిగువనున్న మజ్జోరె సరస్సు పడమటి గట్టున దొర్మెల్లో యను చోట గుఱ్ఱముల పెంపకమునకు పూనుకొనెను. నాటినుండి ఏబదియాఱేండ్లు దంపతులకు అదియే లోకమయ్యెను.

ఇచట ఆ గుఱ్ఱముల జాతిని గూర్చి రెండు మాటలు చెప్పవలెను. పందెములలో పరుగెత్తునవి థరోబ్రెడ్ అను శుద్ధజాతి గుఱ్ఱములు. పదునేడు, పదునెనిమిదవ శతాబ్దములలో తూర్పుదేశములనుండి ఇంగ్లండునకు కొనిపోయిన మగగుఱ్ఱములను అచటి గోడిగలతో, అనగా ఆడుగుఱ్ఱములతో, కలిపి ఆంగ్లేయులు ఈ జాతిని ఏర్పఱచిరి. నేటి ఏ పందెపు గుఱ్ఱము తండ్రివంశమును వెదకికొని పోయినను మూడే మూడు మూలపురుషులలో ఒకని కడకు చేరుదుము. ఈ గుఱ్ఱముల వంశావళి గ్రంథము ఇంగ్లండున 1791లో మొదట అచ్చయ్యెను. మన భూములకు అడంగలు ఎట్టిదో ఆ గుఱ్ఱములకు ఆ గ్రంథమట్టిది. అందు పేరు లేని గుఱ్ఱము ఎంత వడిగలదైనను శుద్ధజాతి యనిపించుకొనదు. మఱియొక వింత. భూగోళపు ఉత్తరార్ధమున నున్న ఈ గుఱ్ఱములన్నింటికిని వయస్సు జనవరి 1వ తేదీనాడే పెరుగును. మన లెక్కలకు ఏప్రిలు 1 ఎట్టిదో వానికి ఆ దినమట్టిది.

పందెపు గుఱ్ఱమును రెండవ యేటనే పరుగునకు దింపుదురు. మూడవ యేట డర్బీ మొదలగు గొప్ప పందెములు వచ్చును. కావున కొనువారు ఏడాది నిండిన పిల్లలనే వేలములో కొందురు. అప్పటికి వాని వీపున జీనైనను సరిగా పడియుండదు. చూచువారికి కనబడునది బాహ్యరూపమొక్కటే. కాళ్ళు తిన్నగా నున్నవా, భుజము వాలు తీరుగా నున్నదా, ఱొమ్ము లోతుగలదా, నడకలో ముందు గిట్టయు వెనుక గిట్టయు ఒక్క వరుసన పడుచున్నవా, కన్ను నిబ్బరముగా నున్నదా యని చూతురు. ఇవి పనికిరాని పరీక్షలని చెప్పరాదు. వంకర కాలు పరుగు భారమునకు నిలువదు. గాని ఊపిరి నిలుకడ, గుండె బలము, వెనుకబడినపుడు ఇంకను పోవలెనను పట్టుదల, ఇవి చర్మము మీద వ్రాసియుండవు. వేలమున అందము చూచి వేల పౌండ్లు పోసి కొన్న పిల్లలలో ఎన్నియో ఒక్క పందెమైనను గెలువకయే పోవుచుండును.

తెసియో కడ ఇంగ్లండు ప్రభువులకు గల ధనము లేదు. గోడిగల సంఖ్య డజనునకు కొంచెమటునిటుగా నుండెడిది. అంత తక్కువ సంఖ్యతో అంత పని చేసినవాడు మఱియొకడు కనబడడు. అతని పద్ధతి ఇట్టిది. రూపము చూచి కాక వంశము చూచి గోడిగను కొనవలెను. గొప్పవంశమున పుట్టి, పందెములలో రాణింపక, ధర పడిపోయిన గోడిగ అతనికి ఇష్టము. దానిని తన శాలలోని మగగుఱ్ఱముతోనే కట్టిపెట్టక, ఇంగ్లండునకో ఫ్రాన్సునకో పంపి తగిన బీజాశ్వముతో కలుపవలెను. సొంత బీజాశ్వము ఇంటనున్నచో ఖర్చు కలిసివచ్చునను ఆశచేత అన్నింటికిని అదియే వాడుదుమని యతని భయము. అందుచేతనే తన శ్రేష్ఠమైన మగగుఱ్ఱములను సైతము విదేశీయులకు అమ్మివేసెడివాడు. పుట్టిన పిల్లలను ఒక్క దొడ్డిలో క్రిక్కిఱియనీయక, సరస్సు ప్రక్కనున్న చిన్న చిన్న కమతములలో విడివిడిగా మేపి, కొన్నింటిని రోము నగర సమీపమునకు శీతకాలమున పంపి, మేతయు నీరును మార్చి మార్చి పెంచెడివాడు. ప్రతి పిల్ల నడవడిని తానే చూచి వ్రాసికొనెడివాడు.

పిమ్మట మిలాను నగరమున శిక్షణ. అచటను అతడే శిక్షకుడు. శక్తి యింతయని ముందే తెలిసిన పెద్ద గుఱ్ఱములను ప్రక్కన పెట్టి పిల్లలను గట్టిగా పరుగెత్తించెడివాడు. మన కోమట్లు పడికట్టు రాయి వేసి సరకు తూచినట్లు ఆ పెద్ద గుఱ్ఱములతో ఈ పిల్లలను తూచెడివాడు. మెత్తని పెంపకము అతనికి నచ్చదు. కఠినమైన పరీక్షకు ఆగని పిల్ల ఆగకపోయెనని వ్రాసికొని తీసివేసెడివాడు. గుఱ్ఱమును గెలిపించునది కండలకంటె నాడీబలమని అతని సిద్ధాంతము.

ఈ యేర్పాటులోని గుట్టు నా వంటి లెక్కలవానికి సులభముగా తెలియును. ఇతర దేశములలో పెంచువాడొకడు, కొనువాడొకడు, శిక్షణ యిచ్చువాడొకడు. పెంచినవాడు పిల్లను మంచిదని నిర్ణయించి ఏడాదికే అమ్మివేయును. అది యెందుకు ఓడినదో వానికి తెలియదు, తెలిసికొనవలసిన యవసరమును లేదు. శిక్షకునకు దాని తల్లి గుణము తెలియదు. తప్పు ఒకని పుస్తకమున, ఫలితము మఱియొకని పుస్తకమున ఉండును. తెసియో పుట్టించినవాడును, యజమానియు, శిక్షకుడును తానే కావున అతని ప్రతి తప్పును అతని పుస్తకమునకే తిరిగి వచ్చుచుండెను. జమయు ఖర్చును ఒక్క పద్దులో నున్నపుడు గాని మనుష్యుడు నేర్చుకొనడు.

ఫలితము నెమ్మదిగా వచ్చినది. 1898లో మొదలుపెట్టినవాడు 1911లో గీదో రేని యను గుఱ్ఱముతో ఇటలీ డర్బీని మొదటిసారి గెలిచెను. పదుమూడేండ్లు! ఆ తరువాత ఆ పందెము అతని ఇంటి పండుగవలె నయ్యెను. జీవితకాలమున ఇరువది సార్లకు తక్కువగాకుండ దానిని గెలిచెను. తన గుఱ్ఱములకు చిత్రకారుల పేరులను, శిల్పుల పేరులను పెట్టుట అతని అలవాటు. గీదో రేని, బొత్తిచెల్లి, దొనతెల్లో, ఇవన్నియు ఆ పేరులే. ప్రజలు అతనిని దొర్మెల్లో మాంత్రికుడని పిలిచిరి. 1939లో ప్రభుత్వము అతనిని ఇటలీ సెనేటు సభ్యునిగా నియమించినది.

మన యూరివారికి ఇది దూరపు కథవలె తోచునేమో. కాని ఎడ్ల సంతకు పోయినవారు నవ్వుదురు. సుడి చూచి ఎద్దును తీసివేయుట మనము ఎఱుగనిది కాదు. సుడి మంచిది కాదని నా తండ్రిగారు తీసివేసిన కోడెను పొరుగువారు కొని పదునాలుగేండ్లు దున్నుకొనిరి. పిల్లల విషయమునను మనము చేయునది ఇదియే. నా చిన్ననాట ఒక ఉపాధ్యాయుడు నా నత్తిని చూచి, ఈ పిల్లవానికి చదువు పట్టదనియు, కూడికలు తీసివేతలు నేర్పి వదలుట మేలనియు మా నాయనగారికి చెప్పెను. ఆయన దుర్మార్గుడు కాడు. కనబడినదానిని చూచి తోచినది చెప్పెను. ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయము తలుపులు తెఱచిన నాడు నాకు ముప్పది యేండ్ల ప్రాయము. భారతమును మొదటిసారి చేతబట్టి అక్షరాక్షరము కూడబలుకుకొన్నది ఇక్కడి కిటికీ ప్రక్క బల్లమీదనే. ఇంతకంటె నా సంగతి అక్కఱలేదు.

తెసియో పద్ధతికి మేలైన సాక్ష్యము కాట్నిప్ అను గోడిగ. 1915లో మొదటి ప్రపంచ యుద్ధము సాగుచుండగా ఇంగ్లండున న్యూమార్కెట్టు వేలమునకు ఇది వచ్చినది. యుద్ధమువలన గుఱ్ఱముల ధరలు పడిపోయియున్నవి. కాట్నిప్ పరుగున చెప్పుకొనదగిన ఖ్యాతి పొందినది కాదు. కాని దాని తల్లి సిబోలా 1899లో ఇంగ్లండు ఆడుపిల్లల గొప్ప పందెములలో ఒకటైన వేయి గినీల పందెమును గెలిచినది. తెసియో దానిని 75 గినీలకు కొనెను. గినీ యనగా 21 షిల్లింగులు. పౌండ్లలో చెప్పవలెనన్నచో 78 పౌండ్ల 15 షిల్లింగులు. తల్లి గుణము కూతురియందు కనబడక, మనుమరాలియందో ముని మనుమనియందో మేలుకొనవచ్చునని అతని లెక్క. కాట్నిప్‌కు నొగారా యను కూతురు పుట్టినది. అది 1931లో ఇటలీ గినీల పందెములు రెండును గెలిచినది.

నొగారాకు తగిన బీజాశ్వముగా తెసియో మొదట కోరినది ఇంగ్లండులో డర్బీ ప్రభువునకు చెందిన ఫేర్వేను. దాని కడ ఆ యేడు ఖాళీ లేకపోయినది. అపుడు అతడు దాని తోడబుట్టిన అన్న యగు ఫారోస్ కడకు గోడిగను ఫ్రాన్సునకు పంపెను. ఇరువురికిని తండ్రియు తల్లియు ఒక్కరే. రక్తము ఒక్కటియే కదా యని అతని యూహ. ఆ కలయికవలన 1935 జనవరి 24న దొర్మెల్లోలో పుట్టిన పిల్లయే నెయార్కో.

నెయార్కో పదునాలుగు పందెములు పరుగెత్తినది, పదునాలుగును గెలిచినది. అంతకు ముందటి యేడు, అనగా 1937లో, ఇటలీలో ఓటమి యెఱుగని దొనతెల్లోను తెసియో పారిసు మహాపందెమునకు కొనిపోగా అది రెండవదిగా వచ్చినది. ఆ గాయము మానకమునుపే 1938లో నెయార్కోను అదే పందెమునకు తెచ్చెను. దూరము 3,000 మీటర్లు. ఆ యేటి ఇంగ్లండు డర్బీ గెలిచిన బ్వా రుస్సెల్ అను గుఱ్ఱమును, ఫ్రాన్సు డర్బీ గెలిచినదియు అందు పాల్గొన్నవి. నెయార్కో వాని నన్నింటిని దాటిపోయినది. అందఱును దీనిని దీర్ఘదూరపు గుఱ్ఱమని పొగడుచుండగా తెసియో మాత్రము తన పుస్తకమున, ఇది నిజమునకు దూరపు పరుగు గుఱ్ఱము కాదనియు, తన శ్రేష్ఠతచేతనే అంత దూరము నెగ్గినదనియు భావము వచ్చునట్లు వ్రాసికొనెను. గెలిచిన గుఱ్ఱమును గూర్చి యజమాని ఇట్లు వ్రాసికొనుట అరుదు. పొగడ్తలో తేలుచున్నపుడు సైతము పద్దు సరిగా వ్రాసినవాడని అతనిని నేను మెచ్చుకొందును.

పందెము ముగిసిన కొన్ని దినములకే నెయార్కోను 60,000 పౌండ్లకు ఇంగ్లండునకు అమ్మివేసెను. ఆ కాలమున బీజాశ్వమునకు అది మిక్కిలి గొప్ప వెల. 78 పౌండ్ల 15 షిల్లింగుల అమ్మమ్మకు ఇరువదిమూడేండ్ల తరువాత వచ్చిన మనుమడు సుమారు 762 రెట్లు పలికెను. నడుమ మేతకును, పనివారికిని, ప్రయాణములకును పట్టిన ఖర్చు ఇందు తీసివేయలేదని చదువరులు గమనింపగోరుచున్నాను. రెండవ ప్రపంచ యుద్ధమున న్యూమార్కెట్టులో నెయార్కో కొఱకు ప్రత్యేకముగా బాంబుల నుండి రక్షించు నేలయిల్లు కట్టిరి. అది 1957 వఱకు జీవించెను. దాని కొడుకు డాంటె 1945లో ఇంగ్లండు డర్బీ గెలిచెను. మఱియొక కొడుకు కుమారుడు నార్దరన్ డాన్సర్ 1964లో అమెరికాలో కెంటకీ డర్బీ గెలిచెను. ఇట్లు ఆ వంశము మఱ్ఱియూడలవలె ప్రపంచమంతట దిగినది. హైదరాబాదున మలకుపేట మైదానమున నేడు పరుగెత్తు గుఱ్ఱములలో నెయార్కో రక్తము లేనిది దొరకుట దుర్లభము.

1947లో తెసియో తన అనుభవమును ఒక గ్రంథముగా వెలువరించెను. శుద్ధరక్తము పరిశోధనకు తగిన జంతువని దాని పేరునకు అర్థము. మెండెలు కనుగొన్న వంశసూత్రములను అతడు గుఱ్ఱముల మేనిరంగులయందు నిరూపింప చూచెను. బూడిదరంగు గుఱ్ఱమునకు తల్లియో తండ్రియో ఒకటి తప్పక ఆ రంగుదై యుండవలెను, ఒక్క తరము తెగినచో ఆ రంగు తిరిగి రాదు. ఇది వంశావళి గ్రంథము ముందిడుకొని ఎవడైన సరిచూచుకొనదగిన సంగతి. ఆ గ్రంథములోని యూహలన్నియు ఇట్లు నిలుచునవి కావు. జీవశక్తిని గూర్చి అతడు చెప్పిన కొన్ని మాటలు శాస్త్రజ్ఞుల యంగీకారము పొందలేదు. అతడు పండితుడుగా కంటె పద్దులు వ్రాసినవాడుగా గొప్పవాడని నా యభిప్రాయము.

ఇక నేను చెప్పవచ్చిన సంగతికి వచ్చుచున్నాను. 1926లో పుట్టిన కవలియేరె దార్పీనో యను గుఱ్ఱమును తాను పెంచినవానిలో మిన్నయని తెసియో తలచెడివాడు. కాళ్ళ జబ్బుచేత అది అయిదు పందెములే పరుగెత్తి, అయిదింటను గెలిచి విరమించినది. దాని కొడుకు బెల్లీని. బెల్లీని కొడుకు తెనెరాని. ఈ తెనెరాని 1947లో ఇటలీ డర్బీ గెలిచి, 1948లో ఇంగ్లండునకు పోయి అచట గుడ్‌వుడ్ కప్పు గెలిచి, అచటి ప్రభుత్వ అశ్వశాలలో బీజాశ్వముగా నిలిచినది. దాని కడకు తెసియో రొమనెల్లా యను తన గోడిగను పంపెను. అది రెండేండ్ల ప్రాయమున మంచి వడి చూపినది. వారికి 1952 ఫిబ్రవరి 27న ఇంగ్లండుననే ఒక మగపిల్ల పుట్టినది. ఫ్రెంచి చిత్రకారుని పేర దానికి రిబో యని పేరిడిరి.

పిల్ల మిక్కిలి చిన్నది. తోడి పిల్లల నడుమ నిలిచిన కంటికి ఆనదు. శాలలోని వారు దానిని పేరుపెట్టి పిలుచుట మాని పొట్టివాడని పిలువసాగిరి. ఇటలీలోని గొప్ప పందెములకు గుఱ్ఱముల పేరులను ఎంతో ముందుగా, అవి ఇంకను పరుగెత్తకమునుపే, చేర్పింపవలెను. చేర్చిన ప్రతి పేరునకును రుసుము కట్టవలెను. ఎనుబది యేండ్లు దాటిన తెసియో తన పిల్లల పట్టిక ముందు కూర్చుండి డర్బీకి తగినవానిని ఏఱెను. రిబో పేరును అందు చేర్చలేదు. గినీల పందెమునకును చేర్చలేదు. ఇంత పొట్టిది పెద్ద పందెములకు ఎదుగదని తలచెను.

ఈ సంగతిని నేను పలుమాఱులు తలపోసితిని. జీవితమంతయు రూపమును నమ్మవలదని, వంశమును పరీక్షను నమ్మవలెనని నిరూపించినవాడతడు. రిబో తండ్రి తన దొడ్డిలోనిది, తాత తన దొడ్డిలోనిది, ముత్తాత తాను అన్నింటికంటె మిన్నయని తలచిన గుఱ్ఱము. తల్లియు తన యింటిదే. పుస్తకము తెఱచినచో మూడు తరముల జమ అచటనే వ్రాసియున్నది, అదియు తన చేతివ్రాతయే. పరీక్షకు ఇంకను సమయము రాలేదు. పుస్తకమునకును పరీక్షకును నడుమ చిక్కిన ఆ కొలది నెలలలో, వేలముల కడ అందఱును చూచినట్లే అతడును ఎత్తును చూచెను. రుసుము మిగుల్చుకొనవలెనని అట్లు చేసెనని కొంద ఱనవచ్చును. ప్రతి పొట్టి పిల్లకును రుసుము కట్టుచు పోయినచో ఏ శాలయు నిలువదు. అదియు న్యాయమే. అతనిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. అయినను ఋతుపర్ణుడు బక్క గుఱ్ఱములను చూచి వెనుదీసినట్లు ఈ నలుడును ఒకనాడు వెనుదీసెనని తలచినపుడు మనసు కలుక్కుమనును.

1954 మే 1న తెసియో ఎనుబదియైదవ యేట కన్నుమూసెను. ఆ యేడే అతని బొత్తిచెల్లి ఇటలీ డర్బీ గెలిచినది. అది అతడు సరిగా అంచనా కట్టిన గుఱ్ఱము. 1954 జూలై 4న, అతడు పోయిన రెండు నెలలకు, రిబో మిలాను మైదానమున మొదటి పందెమునకు దిగి గెలిచినది. శాలను లిదియాయు, 1932 నుండి తెసియోకు భాగస్థుడైన మారియో ఇంచీసా యను ప్రభువును నడుపుచుండిరి. శిక్షకుడు ఊగో పెంకో, రౌతు ఎన్రీకో కమీచి.

పొట్టివాడు ఎదిగెను. మధ్యరకపు ఎత్తునకు వచ్చెను, ఱొమ్ము లోతైనది. రెండవ యేట మూడు పందెములు గెలిచినది. అందు ఒకటి మాత్రము తల మాత్రపు తేడాతో చేజాఱవలసి దక్కినది. దాని జీవితమున అంత దగ్గఱకు వచ్చిన ప్రత్యర్థి మఱి లేదు. మూడవ యేట 1955 అక్టోబరున పారిసున ఆర్క్ ద త్రియోంఫ్ పందెమునకు పోయి మూడు గుఱ్ఱముల నిడివి తేడాతో గెలిచినది. 1956 జూలైలో ఇంగ్లండున ఆస్కాటు మైదానమున, రాజు ఆఱవ జార్జి పేరను ఎలిజబెత్తు రాణి పేరను జరుగు పందెమున అయిదు నిడివుల తేడాతో గెలిచినది. ఆ అక్టోబరున మరల పారిసు వచ్చి అదే ఆర్క్ పందెమును ఆఱు నిడివుల తేడాతో గెలిచినది. మొత్తము పదునాఱు పందెములు, పదునాఱు జయములు. నెయార్కోకంటె రెండు హెచ్చు. ఆ శతాబ్దపు గుఱ్ఱములలో దీనిని మించినది కలదా యని తెలిసినవారు నేటికిని వాదులాడుదురు. పిమ్మట అమెరికాకు బీజాశ్వముగా పోయి 1972లో అచటనే మరణించెను. దాని సంతతిలో మొల్వేదో 1961లోను, ప్రిన్స్ రాయల్ 1964లోను అదే ఆర్క్ పందెమును గెలిచినవి.

ఇంగ్లండు, ఫ్రాన్సు దేశముల మేటి గుఱ్ఱములను ఓడించిన రిబో స్వదేశమున డర్బీని మాత్రము గెలువలేదు. 1955 వసంతమున డర్బీ రోమున జరిగినపుడు అది అప్పటివఱకు ఓటమి యెఱుగదు. పట్టికలో పేరు లేదు కావున దిగ వీలులేకపోయినది. ఇటలీ డర్బీ విజేతల వరుసలో తెసియో గుఱ్ఱముల పేరులు పేజీ నిండ కనబడును. 1955కు ఎదురుగా మఱియొకరి గుఱ్ఱము పేరు వ్రాసియున్నది.